ఒకే బెంచీ మీద నలుగురు, నాలుగు చదువులు

"అర్థమైందా?" అని అడిగితే క్లాసు మొత్తం ఒక్క గొంతుతో "అర్థమైంది సార్" అంటుంది. కాలేదని చెప్పే పిల్లలు ఎంతమంది ఉంటారు? ఆ ఒక్క మాట పట్టుకుని మనం తర్వాతి పాఠం మొదలెట్టేస్తాం. ఏ పిల్ల ఏ దారిన చదువుతోందో ఆ జవాబులో దొరకదు. దొరకాలంటే వేరే ప్రశ్న వేయాలి.

పదో తరగతి విద్యుత్తు పాఠమే తీసుకుందాం. పాఠం అయ్యాక ఓమ్ నియమం రాయమంటే దాదాపు అందరూ రాసేస్తారు. అదే క్లాసుకి "ఇంట్లో ఫ్యాను ఆపితే లైటు ఎందుకు ఆరిపోదు?" అని ఇచ్చి చూడండి. ఒకే బెంచీ మీంచి నాలుగు రకాల జవాబులొస్తాయి. ఒకరు "ఫ్యానుకి వేరే స్విచ్చి ఉంది కాబట్టి" అని రాస్తారు. ఇంకొకరు "సమాంతర సంధానంలో పొటెన్షియల్ భేదం సమానంగా ఉంటుంది" అని పుస్తకంలో వాక్యాన్ని దించేస్తారు, అందులో ఫ్యానూ ఉండదు, లైటూ ఉండదు. మూడో పిల్లాడు పెన్ను దించి "ఏటి సార్, ఇది పరీక్షకొస్తాదా?" అంటాడు. నాలుగో పిల్ల రెండు దారులు గీసి, ఒక దారి మీద అడ్డగీత కొట్టి, "ఈ దారి తెగినా ఆ దారిన కరెంటు వెళ్తుంది" అని రాస్తుంది.

మార్కులు వేస్తే రెండో జవాబుకి సగమైనా పడతాయి, మొదటిదానికి సున్నా పెడతాం. నా లెక్కలో అది తప్పు. మొదటి పిల్లాడి దగ్గర అనుభవం ఉంది, దాన్ని పాఠానికి ముడివేసే దారం లేదు. రెండో పిల్లాడి దగ్గర దారం ఉంది గానీ ముడివేయడానికి ఏమీ లేదు. ఇద్దరికీ చెయ్యాల్సిన పని వేరు. మూడోవాడు తెలివి తక్కువవాడు అసలే కాదు, తన సమయం ఎక్కడ ఖర్చుపెట్టాలో లెక్కేసుకుంటున్నాడు.

ఈ తేడాని పద్ధతిగా పట్టి చూపించినవాళ్లు స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫెరెన్స్ మార్టన్, రోజర్ సాల్యో. 1976లో వాళ్లు అచ్చేసిన పరిశోధనలో పని చాలా మామూలుది. విద్యార్థులకి ఒక వ్యాసం ఇచ్చి, చదివాక ఏం అర్థమైందో, ఎలా చదివారో విడివిడిగా కూర్చోబెట్టి అడిగారు. కొందరు తర్వాత ఏం అడుగుతారో అన్న బెంగతో వాక్యాల్ని గుర్తుపెట్టుకునే పనిలో పడ్డారు. కొందరు రాసినాయన ఏం చెప్పాలనుకుంటున్నాడో వెతికారు. మొదటిదాన్ని పైపై చదువు అనీ, రెండోదాన్ని లోతు చదువు అనీ అనుకోవచ్చు. తర్వాత బ్రిటన్‌లో నోయెల్ ఎంట్విసిల్ మూడో దాన్ని చేర్చాడు. మార్కుల కోసం, ఉన్న సమయాన్ని బట్టి ఎక్కడ లోతుగా వెళ్లాలో ఎక్కడ పైపైన దాటేయాలో ఎంచుకునే చదువు అది. మన "ఇంపార్టెంట్స్ ఏంటి సార్" బ్యాచ్ అంతా ఇక్కడే ఉంటుంది.

ఇక్కడ చాలామంది జారిపడే చోటు ఒకటుంది. ఇవి పిల్లల రకాలు అనుకుంటారు. ఇవి పిల్లల రకాలు కావు, ఒక పని ముందుకొచ్చినప్పుడు ఆ పిల్ల పట్టే దారులు. తెలుగు పద్యం దగ్గర "ఈ మాట ఎందుకు వాడాడు?" అని అడిగే పిల్లే ఫిజిక్స్ దగ్గరకొచ్చేసరికి గైడు తెరుస్తుంది. సోమవారం లోతుగా చదివినవాడు శుక్రవారం మూడు స్లిప్ టెస్టులుంటే బట్టీ పడతాడు. సిలబస్ బరువెక్కే కొద్దీ పిల్లలు పైపై చదువులోకి జారతారని బ్రిటన్, ఆస్ట్రేలియా పరిశోధనల్లో మళ్లీ మళ్లీ తేలింది. అందుకే రిజిస్టర్లో పేరు పక్కన "బట్టీ రకం" అని మనసులో రాసుకోవడం అన్యాయం. రాసుకోవాల్సిందల్లా: ఈ పాఠంలో, ఈ ప్రశ్నకి, ఈ పిల్ల ఏం చేసింది.

దీన్ని కంటితో నేర్చుకునేవాళ్లు, చెవితో నేర్చుకునేవాళ్లు, చేతితో నేర్చుకునేవాళ్లు అన్న పంపకంతో కలపకండి. ట్రైనింగుల్లో, యూట్యూబ్ వీడియోల్లో అది ఇంకా గట్టిగానే వినిపిస్తోంది. పిల్లలకి ఇష్టాయిష్టాలున్న మాట నిజం. కానీ ఇష్టమైన తీరులో చెబితే ఎక్కువ నేర్చుకుంటారన్న వాదనకి తగిన ఆధారాలు లేవని 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఉన్న పరిశోధనలన్నీ తిరగేసి తేల్చారు. ఏ ఇంద్రియం కావాలో విషయమే చెబుతుంది. వంశధార ఎటు వచ్చి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుందో ఎంత చక్కగా నోటితో చెప్పినా చాలదు, పటం అందరికీ కావాలి. పద్యంలో యతి చెవికే తెలుస్తుంది, అందరికీ వినిపించాలి. "మా వాడు విజువల్ లెర్నర్" అని తల్లిదండ్రులు ముద్రవేస్తే వాడు చదవడం మానేసి వీడియోలు చూస్తాడు, అంతే జరుగుతుంది.

పిల్లల మధ్య నిజంగా పెద్ద తేడా తెచ్చేది ఇంకొకటి: పాఠానికి ముందే వాళ్ల దగ్గర ఏముంది అన్నది. భిన్నాల దగ్గర ఇది కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది. ఆరు, ఏడు తరగతుల్లో 1/3 + 1/4 ఇస్తే 2/7 అని రాసే పిల్లలు ప్రతి బడిలో ఉన్నారు. అది అజాగ్రత్త కాదు. వాళ్లకి 1/3 ఒక సంఖ్యలా కనబడట్లేదు. పైన ఒకటి, కింద మూడు, రెండు వేర్వేరు అంకెలు. పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కలిపారు. వాళ్ల లోకంలో అది సరైన లెక్కే. క.సా.గు. పద్ధతి మళ్లీ బోర్డు మీద చేసి చూపిస్తే ఈసారి సరిగ్గా చేస్తారు, నెల తిరిగేసరికి మళ్లీ 2/7 దగ్గరికే వస్తారు. ఎందుకంటే లోపల ఉన్నది కదల్లేదు.

కదపాలంటే ముందు 1/2 + 1/2 ని వాళ్ల పద్ధతిలోనే చేయించాలి. 2/4 వస్తుంది. 2/4 అంటే ఎంత? సగం. సగం, సగం కలిపితే సగమేనా? ఇక్కడ క్లాసు ఒక్క క్షణం ఆగుతుంది. ఆగనివ్వండి, మీరు నోరు విప్పకండి. తర్వాత 2/7 ని, 1/3 ని ఒకే పొడవున్న రెండు కాగితపు పట్టీల మీద మడతపెట్టించండి. పట్టీ 21 సెంటీమీటర్లుంటే మడతలు తేలిగ్గా పడతాయి: మూడోవంతు 7 సెంటీమీటర్లు, ఏడోవంతు 3 సెంటీమీటర్లు. 2/7 అంటే 6 సెంటీమీటర్లే. ఇంకొకటి కలిపితే ఉన్నది కూడా తగ్గిపోయిందేంటి అని వాళ్లే అడుగుతారు. ఏ4 కాగితం అడ్డం సరిగ్గా 21 సెంటీమీటర్లే కాబట్టి విడిగా కొలవక్కర్లేదు, అడ్డంగా పట్టీలు కత్తిరిస్తే చాలు.

ఈ పాఠంలో మన ఉత్తరాంధ్ర జిల్లాల పిల్లల దగ్గర ఒక ఆస్తి ఉంది, దాన్ని మనం వాడుకోవట్లేదు. పలాస, కాశీబుగ్గ పిల్లలకి జీడిపప్పు నంబర్లు తెలుసు. 180, 240, 320. నంబరు పెరిగే కొద్దీ పప్పు చిన్నది. ఒక పౌను తూకానికి అన్ని పప్పులు తూగుతాయన్నది ఆ నంబరుకి అర్థం. పౌను అంటే సుమారు 454 గ్రాములు, కాబట్టి 180 రకంలో ఒక్కో పప్పు రెండున్నర గ్రాములు, 320 రకంలో గ్రామున్నర లోపు. పొందూరు వైపు నూలు వడికే ఇళ్లలో పిల్లలకి ఇదే సంగతి నూలు నంబర్లలో తెలుసు. నంబరు పెద్దదైతే దారం సన్నం. ఇది తెలిసిన పిల్లకి 1/3 కన్నా 1/4 చిన్నది అన్నది కొత్త మాట కాదు. ఒకే వస్తువుని ఎక్కువ మందికి పంచితే ముక్క చిన్నదవుతుంది, అంతే.

ఒక జాగ్రత్త. ఈ పోలిక లవం, అంటే పై అంకె, ఒకటి ఉన్నంతవరకే నడుస్తుంది. అక్కడే ఆపేస్తే 2/3, 3/4 లలో ఏది పెద్దదంటే "కింద చిన్న అంకె ఉన్నదే పెద్దది" అని 2/3 అంటారు. ఒక తప్పు పోయి ఇంకో తప్పు వచ్చి కూర్చుంటుంది. అందుకే అదే పీరియడ్‌లో లవం మార్చిన లెక్కలు రెండైనా ఇవ్వాలి. ఇక్కడ 12 సెంటీమీటర్ల పట్టీ తీసుకోండి. 8 సెంటీమీటర్లు, 9 సెంటీమీటర్లు అని కళ్ల ముందే తేలిపోతుంది.

బట్టీ గురించి ఒక మాట చెప్పకపోతే ఈ విషయానికి అన్యాయం చేసినట్టే. బట్టీ అనగానే తిట్టే అలవాటు మనకి పట్టింది. విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్‌గా ఉన్న చోటు అది. కర్ణాటక సంగీతం ఎక్కడ నేర్పినా మొదటి పాఠాలైన సరళీ స్వరాల్ని మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, మళ్లీ మళ్లీ పాడిస్తారు. పైకి చూస్తే అది శుద్ధ బట్టీ. కానీ మొదటి కాలంలో స్థానం తెలుస్తుంది, రెండో కాలంలో తాళం మీద పట్టు వస్తుంది, మూడో కాలంలో గొంతు ఎక్కడ తప్పుతోందో బయటపడుతుంది. ప్రతిసారీ చెవి కొత్తది ఒకటి వింటోంది. ఆ వినడం ఉంటే వల్లెవేయడం లోతు చదువే. ఆ వినడం లేకుండా వందసార్లు చదివినా పైపై చదువే. ఇదే మార్టన్ తర్వాత చైనా విద్యార్థులతో మాట్లాడి గమనించాడు: వాళ్లు గుర్తుపెట్టుకోవడం, అర్థం చేసుకోవడం విడదీయరు, ఒకదానితో ఇంకోదాన్ని పెంచుకుంటారు. కాబట్టి ఎక్కాలు నోటికి రావాల్సిందే, మూలకాల సంకేతాలు నోటికి రావాల్సిందే. పిల్ల వల్లెవేస్తుంటే ఆపకండి, వల్లెవేసేటప్పుడు ఒక చిన్న మార్పు అడగండి. ఏడో ఎక్కం వచ్చిందా, అయితే 7 ఇంటూ 13 ని అదే ఎక్కంలోంచి ఎలా తెస్తావు?

ఇక భాష. ఇది నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించే విషయం. ఉత్తరాంధ్ర పిల్ల ఇంట్లో ఒక తెలుగు మాట్లాడుతుంది. పుస్తకంలో "వక్రీభవనం", "విశిష్టోష్ణం" ఉన్న తెలుగు ఇంకొకటి. ఇంగ్లీషు మీడియం మూడోది. సీతంపేట వైపు ఇంట్లో సవర భాష మాట్లాడే గిరిజన పిల్లలకైతే నాలుగు మెట్లు. అయినా ఆ పిల్ల మౌనంగా కూర్చుంటే "దానికి లోతు లేదు" అంటాం. గిడుగు రామమూర్తి ఈ గడ్డ మీదే, 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టాడు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల భాషలోనే పుస్తకాలు తయారుచేసి బడులు పెట్టాడు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం, కానీ ఆయన చేసిన పని మాత్రం క్లాసులో చెయ్యట్లేదు.

కాగితం మీద జవాబు రాని పిల్లని అదే ప్రశ్న ఆమె మాటలో నోటితో అడగండి. "మధ్యలో ఈ తీగ తెగిపోనాదనుకో, ఏటవుద్ది?" నోటితో చెప్పగలిగితే అడ్డు భాషది, ఆలోచనది కాదు. అప్పుడు ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉన్న మన రెండు భాషల పాఠ్యపుస్తకాన్ని ఇలా వాడొచ్చు. ముందు తెలుగు పేజీ చదివించి, పుస్తకం మూయించి, సొంత మాటల్లో చెప్పించాలి. ఆ తర్వాతే ఇంగ్లీషు పేజీలో అదే సంగతి ఉన్న వాక్యం కింద గీత గీయించాలి. ఒక పేరాకి మూడు పదాలు మించి కొత్తవి పట్టించుకోవద్దు. దీన్ని తిరగేసి, ఇంగ్లీషు వాక్యం చదివి పదం పదం తెలుగులో చెప్పుకుంటూ పోతే పిల్లకి పదాలొస్తాయి, పాఠం రాదు.

ఇప్పుడు అసలు పని, ఏ పిల్ల ఏ దారి పట్టిందో తెలుసుకునే కాగితపు చీటీల పద్ధతి. 45 నిమిషాల పీరియడ్‌లో చివరి ఏడు నిమిషాలు చాలు. ఏ4 కాగితాన్ని నాలుగుగా చింపితే నలభై మందికి పది కాగితాలు. చీటీ మీద పేరు వద్దు, రోల్ నంబరు చాలు. ఏ భాషలో రాసినా, బొమ్మ గీసినా పర్లేదని గట్టిగా చెప్పాలి. మార్కులుండవని అంతకన్నా గట్టిగా చెప్పాలి, చెప్పిన మాట మీద నిలబడాలి. ఒక్కసారి ఆ చీటీలకి మార్కులేస్తే మళ్లీ నిజం రాయరు.

ప్రశ్నలు రెండే. మొదటిది కొత్త సందర్భం, రెండోది నిర్వచనం. ఈ వరస తిరగబడితే పని చెడుతుంది. నిర్వచనం ముందు పెడితే పిల్లలు చేతిరాత అందంగా తీరుస్తూ దాని మీదే ఏడు నిమిషాలూ ఖర్చుపెట్టేస్తారు. పక్క చీటీ చూసి రాయడం ఎక్కువగా ఉంటే బెంచీలో సరి, బేసి స్థానాలకి వేర్వేరు ప్రశ్నలివ్వండి.

విద్యుత్తు పాఠానికి మంచి ప్రశ్న: 60 వాట్ల ఫిలమెంటు బల్బు, 100 వాట్ల ఫిలమెంటు బల్బు శ్రేణిలో, అంటే ఒకదాని తర్వాత ఒకటి ఒకే దారిలో, కలిపి 230 వోల్టులకి పెడితే ఏది ఎక్కువ వెలుగుతుంది, ఎందుకు? పైపైన చూసే పిల్లలు 100 అంటారు, అంకె పెద్దది కాబట్టి. నిజానికి 60 వాట్లదే ఎక్కువ వెలుగుతుంది. దాని నిరోధం సుమారు 882 ఓమ్‌లు, రెండోదానిది 529 ఓమ్‌లు. శ్రేణిలో రెండింటికీ ఒకే కరెంటు కాబట్టి నిరోధం ఎక్కువున్న దాని దగ్గరే ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. ఫిలమెంటు చల్లగా ఉంటే నిరోధం తగ్గుతుంది, అందుకని నిజంగా కొలిస్తే అంకెలు మారతాయి గానీ ఏది ఎక్కువ వెలుగుతుందన్నది మారదు. ఎల్.ఇ.డి. బల్బులతో ఇది చూపించబోకండి, వాటి లోపలి సర్క్యూటు వేరు, ఫలితం రాదు. మెయిన్ కరెంటుతో ప్రయోగం పిల్లల చేత అసలే వద్దు.

చీటీలు ఇంటికి తీసుకెళ్లక్కర్లేదు. స్టాఫ్ రూమ్‌లో పదిహేను నిమిషాలు. తప్పొప్పుల గొడవ పక్కన పెట్టి నాలుగు కట్టలు చేయండి: పుస్తకం మాటలే ఉన్నవి, సొంత మాటల్లో తప్పు ఆలోచన ఉన్నవి, సొంత మాటల్లో సరైన ఆలోచన ఉన్నవి, ఖాళీవి.

సొంత మాటల్లో తప్పు రాసిన కట్టే బంగారం. ఎక్కువ సమయం అక్కడ పెట్టండి. మర్నాడు అందులోంచి ఒక జవాబుని రోల్ నంబరు చెప్పకుండా బోర్డు మీద రాసి, "ఇలా అనుకోవడానికి కారణం ఏమై ఉంటుంది?" అని అడగండి. తప్పు అని చెప్పకండి, కారణం అడగండి. పుస్తకం మాటల కట్టవాళ్లకి ఉదాహరణ ఒకటి, ఉదాహరణ కానిది ఒకటి చెప్పమనాలి. కానిది చెప్పడంలోనే వాళ్లు మొదటిసారి ఆలోచనలో పడతారు. ఖాళీ కట్టవాళ్లకి ప్రశ్నలు వద్దు, ముందు పూర్తిగా చేసిన లెక్క ఒకటి చూపించాలి. తర్వాత అలాంటిదే చివరి మెట్టు లేకుండా, ఆ తర్వాత చివరి రెండు మెట్లు లేకుండా ఇవ్వాలి. ఆస్ట్రేలియాలో జాన్ స్వెల్లర్ 1980ల నుంచి చేసిన పరిశోధనల్లో కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇది బాగా పనిచేసింది. కానీ వచ్చినవాళ్లకి అదే ఇస్తే అక్కర్లేని బరువై వెనకపడతారు, కాబట్టి సరైన ఆలోచన ఉన్న కట్టకి దాన్ని ఇవ్వకండి. వాళ్లని అదే సూత్రం మీద కొత్త ప్రశ్న తయారుచేయమనండి. వాళ్లని పక్కవాళ్లకి చెప్పే చిన్న మాస్టార్లని చెయ్యడం తేలికే, కానీ వాళ్లు ఎక్కువగా జవాబు చెప్పేస్తారు, దారి చెప్పరు.

పిల్లలు ఇంట్లో ఎలా చదువుతారన్నదీ ఇక్కడే ముడిపడి ఉంది. మళ్లీ మళ్లీ చదివితే వచ్చేసినట్టు అనిపిస్తుంది. ఎందుకలా అనిపిస్తుందో 2006లో మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పిక్ చేసిన ప్రయోగం చూపించింది. ఒక పేరాని రెండుసార్లు చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత 81 శాతం గుర్తు తెచ్చుకున్నారు. ఒకసారి చదివి, మూసేసి, గుర్తున్నది రాసినవాళ్లు 75 శాతం. వారం తర్వాత అడిగితే మొదటివాళ్లు 42 శాతం, రెండోవాళ్లు 56 శాతం. ఐదు నిమిషాల తర్వాత గెలిచింది చదవడమే, అందుకే పిల్ల నమ్ముతుంది. స్టడీ అవర్స్‌లో ముప్ఫై నిమిషాలు చదివించే బదులు పన్నెండు నిమిషాలు చదివించి, పుస్తకం మూయించి, పది నిమిషాలు రాయించి, మిగతా ఎనిమిదిలో వదిలేసినవి చూసుకోమనండి. మొదటి వారం పిల్లలకి నచ్చదు. ఏమీ రాలేదన్న భయం వేస్తుంది. ఆ భయం మామూలేనని ముందే చెప్పాలి.

ప్రశ్నపత్రం మారకుండా ఇవన్నీ నిలవవు. 20 మార్కుల స్లిప్ టెస్టులో కొత్త సందర్భానికి మొదట 3 మార్కులు, నెల తర్వాత 5, ఆ తర్వాత 6. ఒక్కసారిగా 10 పెడితే పిల్లలు బెదిరి గైడుని ఇంకా గట్టిగా పట్టుకుంటారు. ఇంకో ప్రమాదం మార్టన్, సాల్యోలకే ఎదురైంది. లోతు ప్రశ్నలే వస్తాయని తెలిసిన విద్యార్థుల్లో కొందరు లోతుగా చదవడం మానేసి, సారాంశం అప్పజెప్పే కిటుకు నేర్చుకున్నారు. "నీ మాటల్లో చెప్పు" అన్న ప్రశ్న ప్రతిసారీ అదే రూపంలో ఇస్తే "నీ మాటలు" కూడా ట్యూషన్‌లో బట్టీకి దొరుకుతాయి. ఒకసారి తప్పు జవాబిచ్చి దిద్దమనండి, ఒకసారి బొమ్మ ఇచ్చి ప్రశ్న రాయమనండి, ఒకసారి అక్కర్లేని అంకె ఒకటి కలిపి లెక్క ఇవ్వండి.

చీటీల కట్టల మీద తేదీ, పాఠం పేరు రాసి రబ్బరు బ్యాండు వేసి బీరువాలో పెట్టండి. ఎస్.ఎ. (సమ్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షకి రెండు వారాల ముందు ఒక్కో రోల్ నంబరు ఏ పాఠంలో ఏ కట్టలో ఉందో ఒక తెల్లకాగితం మీద గళ్లు గీసి నింపితే నలభై మందికి అరగంట పడుతుంది. ఒకే నంబరు ఒక పాఠంలో పుస్తకం మాటల కట్టలో, ఇంకో పాఠంలో సరైన ఆలోచన కట్టలో కనిపిస్తే ఆ రెండు పాఠాల్లో మనం అడిగిన ప్రశ్నల్ని పక్కపక్కన పెట్టి ఒకసారి చదవండి.